పంక్చర్ బల్ల దగ్గర లోనీ గాస్కిన్స్

మా పేటలో ఎవరినైనా పెద్దాయన అనాలంటే వయసొక్కటే చాలదు. వయసు చూసి అనేసే పనైతే, మూలమీది బారులో పొద్దున్నే చేరే ముసలాళ్ళందరూ పెద్దాయనలే అయ్యుండాలి. దారి తప్పబోతున్న కుర్రాణ్ణి మెడపట్టి వెనక్కి లాగి, వాడి చేత తిట్లు తిని, మర్నాడు మళ్ళీ వాడినే పిలిచి పని చెప్పేవాడికి ఆ పేరు. లోనీ గాస్కిన్స్‌ని మా వీధి పిల్లలు ఇరవై ఏళ్ళుగా అలా అంటున్నారు. ఎదురుపడితే మాత్రం మిస్టర్ లోనీ అంటారు. నేను వట్టి లోనీ అంటాను. ఆయనకంటే నాలుగేళ్ళే చిన్నదాన్ని, పైగా ఆయన మాసిన బట్టలు పడేది నా యంత్రాల్లోనే.

నా పేరు ఎర్లీన్. వెస్ట్ ఫిలడెల్ఫియాలో పట్టాలమీద ట్రాలీ బండి తిరిగే అవెన్యూ మీంచి మా వీధిలోకి ఎక్కి వస్తే ఎడమ చేతి వైపు నా లాండ్రీ, దాన్ని ఆనుకుని లోనీ సైకిల్ షాపు. షాపని పేరే గాని అక్కడ అమ్మేదేమీ లేదు. ఒకప్పుడది ఇనుప సామాన్ల కొట్టు. కొట్టు ముసలాయన పోతూ పోతూ మా చర్చికి రాసిచ్చాడు. చర్చివాళ్ళు దాన్ని లోనీ చేతిలో పెట్టారు. రెంటికీ మధ్య ఉన్నది ఒక్క గోడ. అటు మాట్లాడే ప్రతి మాటా ఇటు నాకు వినబడుతుంది, కాబట్టి నేను చెప్పేవాటిలో గాలి కబుర్లు లేవు.

లోనీ సౌత్ కరొలైనాలో పుట్టి తొమ్మిదో ఏట మేనత్త వెంట ఈ ఊరొచ్చాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ట్రాలీ డిపోలో బ్రేకుల పని చేశాడు. "బండి నడపడం ఏ వెధవైనా చేస్తాడు, ఆపడంలో ఉంది పనితనం" అనేవాడు. పెళ్ళిలో విందు దగ్గరా అదే మాట, చావింటి మెట్లమీదా అదే మాట. రిటైరైన ఏడే ఆయన భార్య ఒడెస్సా పోయింది. ఆ ఎండాకాలమంతా మనిషి గుమ్మం ముందు మెట్లమీద ఊరికే కూర్చుని ఉండేవాడు. నేను వేయించి పంపిన చేపముక్కల పొట్లం విప్పను కూడా విప్పేవాడు కాదు. ఒకరోజు ఎవరి పిల్లాడిదో సైకిల్ చైను ఊడి ఆ మెట్ల ముందే ఆగింది. వాడు దాన్ని బాదుతున్న చప్పుడు భరించలేక లోనీ లేచి చైను ఎక్కించి పంపాడు. మర్నాడు పదకొండు మంది వచ్చారు. మూడోరోజు ఇంకా ఎక్కువమంది వచ్చేసరికి, "ఇక నేను ముట్టుకోను. పానా మీ చేతిలో, నోరు నాది" అన్నాడు. షాపు పుట్టింది అలా. తర్వాత దానికి కమిటీ అనీ, పథకం అనీ పేర్లు పెట్టారు గాని, అసలు సంగతి ఇంతే.

అక్కడి కట్టుబాట్లు గోడమీద రాసి ఉండవు, కానీ తెలియనివాళ్ళు లేరు. చేరిన ప్రతి పిల్లా పిల్లాడూ పాత ఇనుపగుట్టలోంచి రెండు సైకిళ్ళు నిలబెట్టాలి. మొదటిది ఇంకొకరికి ఇచ్చేయాలి, రెండోది తమది. వెనక చక్రం మీద నిలబెట్టి తొక్కే సోకు మా కుర్రాళ్ళకి ఎక్కువ. ముందు బ్రేకు ఎందుకని పీకి పారేస్తారు. అలా పీకినవాణ్ణి లోనీ గుమ్మం ఎక్కనివ్వడు. ఒకడు ఆ పట్టింపుతో రెండేళ్ళు రాలేదు, మూడో ఏడు బ్రేకు చేతబట్టుకుని వచ్చాడు.

అన్నిటికంటే పెద్దది చీటీ కట్టుబాటు. తయారైన ప్రతి సైకిల్ హ్యాండిల్‌కీ ఒక అట్టముక్క కడతారు. చేసినవాళ్ళ పేరు పైన, సరిచూసినవాళ్ళ సంతకం కింద. ఎవరు సంతకం పెడితే వాళ్ళే ముందు ఆ సైకిల్ ఎక్కి, వీధి వాలంతా దిగి, అవెన్యూలో ట్రాలీ పట్టాలు అడ్డంగా దాటి తిరిగి రావాలి. ఆ తర్వాత ఎవరు ఒక్క బోల్టు కదిపినా పాత చీటీ చింపేసి, మళ్ళీ ఎక్కి చూసి, కొత్త చీటీ కట్టాలి. అలా పంపిన సైకిల్లో ఏదైనా ఊడిందా, చేసినవాళ్ళూ చూసినవాళ్ళూ ఇద్దరూ నాలుగు వారాలు పంక్చర్ బల్ల దగ్గర కూర్చోవాలి. పంక్చర్ బల్లంటే మొదటిరోజు వచ్చినవాళ్ళు కూర్చునే చోటు. చక్రాల బెండు తీయడం దాకా నేర్చినవాళ్ళకి అక్కడ కూర్చోవడమంటే, పెద్ద క్లాసు పిల్లని తెచ్చి పలక చేతికిచ్చినట్టే. కారణాలు వినడు. "నువ్వు చెప్పే కారణం సైకిల్‌కి తెలుసా?" అంటాడు.

నఫీసా ఈ షాపుకి పన్నెండో ఏట వచ్చింది. తల్లి ముసలివాళ్ళ ఆశ్రమంలో రెండు షిఫ్టులు చేసేది. మూడేళ్ళలో నాలుగు ఇళ్ళు మారిన కుటుంబం. పిల్ల బక్కపలచగా ఉంటుంది, నోరు మాత్రం నిండుగా ఉంటుంది. మొదటిరోజే ఒక సైకిల్ ఎడమ పెడల్ విప్పమని లోనీ పానా చేతికిచ్చాడు. పావుగంట సేపు దానికి వేలాడింది.

"ఇది తుప్పు పట్టి అతుక్కుపోయింది," అంది.

"తుప్పు కాదు."

"మరేంటి?"

"ఎడమ పెడల్‌కి మర తిరగేసి ఉంటుంది. నువ్వు ఇందాకట్నుంచీ దాన్ని విప్పట్లేదమ్మా, బిగిస్తున్నావు."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా!"

"చెబితే రేపటికి మర్చిపోతావు. ఇప్పుడు చచ్చేదాకా మర్చిపోవు."

అది పానా బల్లమీద పడేసి విసురుగా నా లాండ్రీలోకి వచ్చింది. "ఆ ముసలాయనకి పిచ్చి, మిస్ ఎర్లీన్," అంది. "ఆ సంగతి నాకు నీకంటే ముందే తెలుసు," అన్నాను. గ్లాసుడు నీళ్ళు తాగి మళ్ళీ అటే పోయింది. ఆ పోవడం పోవడం మూడేళ్ళు పోయింది. పదిహేనేళ్ళు వచ్చేసరికి సంతకం పెట్టే హక్కు దానికి వచ్చింది. క్వాదిర్ అని దానికంటే రెండేళ్ళు చిన్నవాడొకడున్నాడు, ఆడపిల్ల తన పని సరిచూడటమేంటని మొదట్లో గునిసేవాడు. వాడు కట్టిన బ్రేకుని ఒక్క నొక్కు నొక్కి, "ఇది బ్రేకా, దండం పెట్టి వేడుకోవడమా?" అని అది అడిగినప్పట్నుంచీ వాడు దాని వెనకాలే తిరుగుతాడు.

నేను చెప్పబోయేది రెండేళ్ళ కిందటి ఎండాకాలం సంగతి. వేసవి సెలవుల్లో షాపులో చిన్నపిల్లలకి పని నేర్పడానికి జీతమిచ్చి ఒకరిని పెట్టుకోవచ్చని కమిటీకి నగరపాలక ఆఫీసు నుంచి కబురొచ్చింది. లోనీ రాసిచ్చిన పేరు నఫీసాది. దానికి అది మొదటి ఉద్యోగం. జీతం మాట అటుంచి, తనని ఒకరు మేడమ్ అనో మిస్ అనో పిలవబోతున్నారన్నది దాని సంబరం. సాయంత్రాలు నా లాండ్రీలో ఎవరూ లేనప్పుడు తిరుగుతున్న యంత్రాల ముందు నిలబడి పాఠం చెప్పుకునేది. "మిస్ నఫీసా చెప్పేది వింటున్నారా?" అని వాటిని గద్దించేది కూడా. నేను నవ్వాపుకోలేక లోపలికి పోయేదాన్ని.

ఇక లోనీ చేతుల సంగతి. ఉతికేదాన్ని కాబట్టి నాకు ముందు తెలిసింది. లోనీ జన్మంతా గుండీల చొక్కాలు తొడిగిన మనిషి. డిపోకి కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుపోయేవాడు, లోపల మార్చుకునేవాడు. ఆ చలికాలం నుంచి ఆయన మూటలో గుండీల చొక్కా అన్నది కనబడలేదు. అన్నీ తలమీంచి తొడుక్కునేవే. చర్చికి కూడా వాటిమీదే కోటు వేసుకుని వచ్చేవాడు. ఒకసారి చిల్లర తీసుకుంటూ నాణేలు కిందపడేశాడు. వంగి ఏరుకుంటూ ఒక్కోదాన్నీ కళ్ళతో చూసి గాని పట్టుకోలేకపోయాడు.

"వేళ్ళకేమైంది లోనీ?" అని అడిగాను.

"చలి," అన్నాడు.

"లోపల హీటరు మండిపోతోంది."

"నీ బట్టలు నువ్వు ఉతుక్కో ఎర్లీన్, నా వేళ్ళు నేను చూసుకుంటా."

నేనూ మొండిదాన్నే గాని, ఒడెస్సా పోయాక ఆ మనిషిని గట్టిగా అనడానికి నోరు రాదు. ఊరుకున్నాను. అది నా తప్పు, ఒప్పుకుంటున్నాను.

జూన్ మొదటి శనివారం మా వీధి పండగ. రెండు కొసలా చెత్తడబ్బాలు అడ్డం పెట్టి బండ్లు రాకుండా చేస్తాం. మధ్యలో పొయ్యిలు, కోడి రెక్కలు, మొక్కజొన్న కంకులు. నీళ్ళ పంపు విప్పేసి పిల్లలు తడిసి ముద్దవుతారు. షాపు పిల్లలు చేసిన మొదటి సైకిళ్ళు ఆ రోజే పంచిపెడతారు. ఆ ఏడు ఏడు సైకిళ్ళు. ఒక నీలం సైకిల్ ఈసా అనే ఎనిమిదేళ్ళవాడికి వచ్చింది. చీటీ మీద పైన క్వాదిర్ పేరు, కింద నఫీసా సంతకం ఉన్నాయి. గురువారం నాడే నఫీసా దానిమీద వాలు దిగి పట్టాలు దాటి వచ్చింది, అది నేను నా గుమ్మంలోంచి చూశాను.

ఈసా వయసుకి మించిన పొడుగరి. ఎక్కి కూర్చుంటే హ్యాండిల్ మోకాళ్ళకి తగులుతోంది. వాడి నాయనమ్మ నవ్వింది. లోనీకి హుషారొచ్చింది. పంచేరోజు ఆయన హుషారు చూడాలి, పెళ్ళికొడుకు కూడా పనికిరాడు. "ఆగరా, నీ పొడుగుకి తగ్గట్టు ఎత్తిస్తా," అని పానా తెప్పించి, హ్యాండిల్ నడినెత్తి మీది బోల్టు వదులు చేసి, రెండంగుళాలు పైకి లాగి, మళ్ళీ బిగించాడు. పైన ఒక చరుపు చరిచి, "పో!" అన్నాడు. చీటీ మార్చలేదు. ఎవరో కంకులు మాడిపోతున్నాయని కేకేస్తే అటు వెళ్ళిపోయాడు.

వాడు సంబరంగా నాలుగు చక్కర్లు కొట్టాడు. అయిదోసారి వాలులో ఆగలేదు. డబ్బాల సందులోంచి దూరి అవెన్యూలోకి పోయాడు. పట్టాల దగ్గర అడ్డంగా దాటాలని హ్యాండిల్ తిప్పాడు. హ్యాండిల్ తిరిగింది, చక్రం తిరగలేదు. ముందు చక్రం పట్టా గాడిలో పడి వాడు ఎగిరి ముఖం మీద పడ్డాడు. ఆ సమయానికి ట్రాలీ లేదు, దేవుడికి దండం. మణికట్టు విరిగింది, ముందు పళ్ళు రెండు సగానికి పోయాయి. వాడి నాయనమ్మ అరుపు నాకిప్పటికీ చెవుల్లో ఉంది.

మర్నాడు చర్చి అయ్యాక లోనీ ఆ ఇద్దరినీ షాపులోకి పిలిచాడు. నేను గోడకివతల ఉన్నాను.

"నువ్వు ఎక్కి చూశావా?" అని అడిగాడు.

"చూశాను, మిస్టర్ లోనీ," అంది నఫీసా.

"పట్టాలు దాటావా?"

"దాటాను."

"మరి హ్యాండిల్ ఎలా వదులైంది?"

క్వాదిర్ ఏదో అనబోయాడు. "నువ్వు నోరుముయ్," అంది నఫీసా వాడితో.

"నిన్న దాన్ని ఎత్తింది నేనే. నా చేత్తో గట్టిగా బిగించాను. లోపల భాగం ముందే సరిగ్గా కూర్చుని ఉండదు. అది మీ ఇద్దరి పని," అన్నాడు లోనీ. "నాలుగు వారాలు. రేపట్నుంచి బల్ల దగ్గర."

"సరే," అంది.

నాకు అక్కడే అనుమానం కొట్టింది. నీళ్ళు తడిగా ఉంటాయంటే కూడా వాదించే పిల్ల, 'సరే' అంటుందా?

అంతటితో అయిపోలేదు. కమిటీ పెద్ద, మా చర్చి డీకన్ బ్రాడ్‌నాక్స్ మంచివాడే గాని భయస్తుడు. వేసవి ఉద్యోగాల పేర్ల జాబితా మంగళవారం నగరం ఆఫీసుకి పోవాలి. "పిల్లాడికి దెబ్బలు తగిలించిన సైకిల్ మీద సంతకం ఉన్న పిల్లని, చిన్నపిల్లలకి పని నేర్పమని ఎలా పంపుతాం?" అన్నాడు. సోమవారం సాయంత్రం షాపుకొచ్చి దాని పేరు తీసేస్తున్నామని దానికే చెబుతానన్నాడు. లోనీ నేలకేసి చూస్తూ, "చీటీ అబద్ధం చెప్పదు," అన్నాడట.

సోమవారం పొద్దున క్వాదిర్ వాళ్ళ అమ్మమ్మ దుప్పట్లు ఉతకడానికి తెచ్చాడు. యంత్రం తలుపు దభీమని వేశాడు.

"అది విరిగితే మీ అమ్మమ్మ కొనిస్తుందా? ఎవరిమీద్రా ఆ కోపం?" అన్నాను.

"ఎవరిమీదా లేదు, మిస్ ఎర్లీన్."

"అబద్ధమాడితే దుప్పట్లు తడివే ఇచ్చి పంపుతా."

"ఆయన బిగించలేదు," అన్నాడు వాడు.

"ఎవరు?"

"మిస్టర్ లోనీ. ఆయన ఏదీ బిగించట్లేదు. చలికాలం నుంచీ అంతే. బిగించాననుకుంటాడు, చూస్తే వదులుగా ఉంటుంది. ఆయనకి తెలీదు. ఆయన అటు తిరగ్గానే మాలో ఎవరో ఒకరం వెళ్ళి బిగించేస్తాం. అందరం. చిన్నాళ్ళకి కూడా తెలుసు."

"ఆయనకి ఒక్కరూ చెప్పలేదా?"

వాడు నా ముఖంకేసి వింతగా చూశాడు. "పెద్దాయనకి ఎలా చెప్తాం? మీరైతే చెప్తారా?"

నేను పోయి యంత్రంలో సబ్బుపొడి పోశాను.

"శనివారం నఫీసా ఇంకో సైకిల్ పట్టుకుని ఉంది. నేను బిగిస్తాననుకుంది. నేను తను బిగిస్తుందనుకున్నా. మిగతావాళ్ళు మేమిద్దరం అక్కడే ఉన్నాం కదా అనుకున్నారు. ఎవ్వరం బిగించలేదు." వాడు చొక్కా చేత్తో ముక్కు తుడుచుకున్నాడు. "ఆయనతో చెప్పేస్తానంటే నఫీసా నన్ను చంపేస్తానంది. ఆయనకి షాపు తప్ప ఏముంది, నాకైతే ఇంకో ఉద్యోగం దొరుకుతుంది అంది."

పదిమందిలో పాము చావదని ఊరికే అనలేదు. పంతొమ్మిది మంది పిల్లలు ఒక ముసలాయన పరువు కాపాడబోయి ఒక పసివాడి పళ్ళు రాలగొట్టారు. కోపం వచ్చింది నాకు. పిల్లలమీద కాదు. దుప్పట్లు వాడినే చూసుకోమని చెప్పి, మా ఆయన పాత చొక్కా ఒకటి తీసి ఇస్త్రీ చేసి, దాన్ని పట్టుకుని లోనీ ఇంటికి వెళ్ళాను.

"తొడుక్కో," అన్నాను.

"ఏంటిది?"

"చొక్కా. గుండీలు పెట్టుకో. నేను చూస్తాను."

"నీకు మతి పోయిందా?"

"పోయింది. పెట్టుకో."

నన్ను వదిలించుకుందామనుకున్నాడో ఏమో, తొడిగాడు. పై గుండీ పట్టుకున్నాడు. అది వేళ్ళమధ్య నుంచి జారింది. మళ్ళీ పట్టుకున్నాడు. కాజాకి దారి దొరకలేదు. మూడోసారి తల వంచి, గడ్డం గుండెకానించి కళ్ళతో చూస్తూ ప్రయత్నించాడు. నేను గోడమీది ఒడెస్సా ఫొటోకేసి చూస్తూ నిలబడ్డాను. ఆ తంటా ఆయన వయసెంతో అంతసేపు సాగినట్టనిపించింది. ఒక్క గుండీ పడలేదు.

"నా ఇంటికొచ్చి నన్ను అవమానిస్తావా?" అన్నాడు.

"అవమానం నీకు కాదు లోనీ, సాయంత్రం నాలుగింటికి ఆ పిల్లకి." క్వాదిర్ చెప్పిందంతా చెప్పాను. ఆయన సోఫాలో కూర్చుండిపోయాడు. అబద్ధమన్నాడు. తర్వాత, "ఎన్నాళ్ళ నుంచీ?" అన్నాడు. చెప్పాను. చొక్కా విప్పడానికి నేను సాయం చేయబోతే చెయ్యి తోసేశాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి, వస్తాడనే నమ్మకం లేక నేను ఏడుపు మొహంతో తిరిగొచ్చాను.

నాలుగింటికి పంక్చర్ బల్ల దగ్గర నఫీసా, క్వాదిర్ పక్కపక్కన కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముందు మొన్న చేరిన ఏడెనిమిదేళ్ళ పిల్లలు నలుగురు. డీకన్ టోపీ చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. నేను యంత్రాలు వదిలేసి వచ్చి ఆయన వెనకాలే నిలబడ్డాను. లోనీ వచ్చాడు. ఎవరినీ పలకరించలేదు. మూలనున్న స్టూలు కాలితో లాగి బల్ల దగ్గర వేసుకుని, నఫీసా పక్కన కూర్చున్నాడు.

"నాకో చక్రం ఇవ్వండి," అన్నాడు.

ఒక పిల్లాడు గాలిపోయిన చక్రం తెచ్చి పెట్టాడు. లోనీ టైరు ఒకవైపు విప్పి ట్యూబు బయటికి లాగాడు. అంతవరకూ వేళ్ళు పనిచేశాయి, అది బలంతో అయ్యే పని. తర్వాత టైరు లోపల వేళ్ళు పెట్టి చుట్టూ తడమాలి. ట్యూబుని పొడిచిన ముల్లో గాజో ఇంకా లోపలే ఉంటే, ఎన్ని అతుకులేసినా దండగ. చేరినవాళ్ళకి మొదటిరోజు చెప్పే పాఠం అదే. లోనీ ఒక చుట్టు తడిమాడు. రెండో చుట్టు తడిమాడు. కళ్ళు మూసుకుని మూడోసారి తడిమాడు.

"నాకేం తగల్లేదు," అని టైరు నఫీసా ముందుకి తోశాడు. "నువ్వు చూడు."

నఫీసా వేళ్ళు లోపల పెట్టింది. సగం దూరం పోయాక దాని చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలి చుట్టు పూర్తి చేసింది.

"ఏం లేదు, మిస్టర్ లోనీ," అంది. చేతిని ఒళ్ళో దాచుకుంది.

"చెయ్యి చూపించు."

"ఏం లేదన్నాగా."

"నఫీసా. చెయ్యి."

చూపించింది. చూపుడువేలి కొసన రక్తపు బొట్టు.

"ఏముంది అందులో?"

"గాజుముక్క," అని గొణిగింది.

"వినబడలేదు."

"గాజుముక్క ఉంది!" అది అరిచేసింది. "ఉంది, మీకు తెలీలేదు! మీకేదీ తెలీట్లేదు! ఆ రోజు హ్యాండిల్ కూడా మీరు బిగించలేదు, నేను చూస్తూ ఊరుకున్నాను, వాడు పడిపోయాడు!" బల్లమీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. క్వాదిర్ కూడా ఏడుస్తున్నాడు గాని వాడు దాన్ని చెమటలా తుడుచుకున్నాడు.

లోనీ తన రెండు చేతులూ బల్లమీద వెల్లకిలా పెట్టుకుని చూసుకున్నాడు. "నా వేళ్ళకి స్పర్శ పోయింది," అన్నాడు పిల్లలందరికీ వినబడేలా. "చలికాలం నుంచి పోయింది. డాక్టరు చెప్పాడు, నేను దాచాను. మీరు నామీద ప్రేమతో దాచారు. నేను గర్వంతో దాచాను. ఈసాకి దెబ్బ తగిలింది నా వల్ల. ఇవాళ పొద్దుపోకముందే వాడి నాయనమ్మ దగ్గరికి వెళ్ళి చెప్పొస్తాను." తర్వాత డీకన్ వైపు తిరిగాడు. "ఆ జాబితాలో ఎవరి పేరన్నా కొట్టేయాలంటే నాది కొట్టెయ్ బ్రాడ్‌నాక్స్. ఆ పిల్లది ముట్టుకోకు."

డీకన్ టోపీని రెండుసార్లు తిప్పాడు. "ఎవరి పేరూ కొట్టక్కర్లేదేమో," అని గొణిగాడు. మంగళవారం జాబితా నఫీసా పేరుతోనే పోయింది.

ఈసా నాయనమ్మ లోనీని గుమ్మంలో నిలబెట్టి అరగంట తిట్టింది. ఆయన పడ్డాడు. వారం తర్వాత ఆవిడే, అయినవాళ్ళంతా పేర్లు రాసిన వాడి చేతి కట్టు మీద లోనీ పేరు కూడా రాయించుకుని పోయింది. మా వాళ్ళ కోపాలు అంతే.

ఆ మరుసటి శనివారం నఫీసా ఉద్యోగంలో మొదటిరోజు. చిన్నపిల్లలు పన్నెండు మంది వరసగా నిలబడ్డారు. అలవాటు ఊరుకోనిస్తుందా, లోనీ ఒక సైకిల్ సీటు ఎత్తి బోల్టు బిగించి, పానా బల్లమీద పెట్టి, సరిచూడమన్నట్టు దానికేసి చూశాడు. పిల్లలు కూడా దానికేసే చూశారు. పాత కుర్రాళ్ళు నేలకేసి చూశారు. అది పానా తీసుకుని బోల్టు మీద పెట్టింది. అరచుట్టు తేలిగ్గా తిరిగింది.

"వదులుగా ఉంది, మిస్టర్ లోనీ," అంది. అందరికీ వినబడేలా అంది. చూపు తిప్పుకోలేదు.

"అవును, మిస్ నఫీసా," అన్నాడు లోనీ. వెళ్ళి పంక్చర్ బల్ల దగ్గర తన స్టూలు మీద కూర్చున్నాడు.

లాండ్రీలో యంత్రం ఆగిపోయిందని ఎవరితోనో చెప్పి నేను షాపులోంచి బయటికొచ్చేశాను. యంత్రాలన్నీ బాగానే తిరుగుతున్నాయి.